పాతది ముందు

కాశీబుగ్గలో జీడి బట్టీ మీది గది నాది.
నేల ఎప్పుడూ గోరువెచ్చన.
చలికాలం సుఖమే. ఏప్రిల్లో మాత్రం
ల్యాప్‌టాప్ కింద తడిగుడ్డ పరుచుకుని కూర్చుంటాను.

పెళ్లి చీరలు అమ్మే దుకాణం ఒకటి క్లౌడ్‌లో ఉంది.
దాని సర్వర్లు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తగ్గాలో
రాయడం నా కొలువు.
క్లౌడంటే మబ్బని చెప్తే దాలమ్మ నవ్వింది,
"మబ్బుకి నువ్వు కాపలా ఏటే?"

కింద బట్టీకి దాలమ్మ మేస్త్రీ.
ఆమెదీ అదే కొలువు, గ్రాఫు లేదు, అంతే.
లారీ టెక్కలి దాటిందని ఫోనొస్తే నలభై మందికి కబురు,
రాకపోతే పది మందితో సరి.

మొదటి నెల నేను చాలా తెలివిగా రాశాను:
బరువు డెబ్బై శాతం దాటితే రెండు మిషన్లు లేపు,
ముప్పైకి దిగితే రెండు ఆపు.
మాఘమాసం ముహూర్తాల ముందు రాత్రి
జనం విరగబడ్డారు, తగ్గారు, మళ్లీ పడ్డారు.
నా మిషన్లు లేచి, పడుకుని, మళ్లీ లేచి
జ్వరమొచ్చిన పిల్లాడిలా రాత్రంతా.
లేచిన ప్రతిదానికీ ఒళ్లు విరుచుకోడానికి మూడు నిమిషాలు.
ఈలోపు కొనేవాళ్లు విసుక్కుని పోయారు.
బిల్లు మాత్రం వచ్చింది,
ఒళ్లు విరుచుకున్నందుకు కూడా.

తెల్లారి మెట్ల మీద కూలబడితే
దాలమ్మ టీ గ్లాసు చేతికిచ్చి అంది:
"సంచి కాళీ అవగానే మనుసుల్ని తోలేత్తావేటి?
టీ తాగినంతసేపు ఆగాల.
ఈలోగా రెండో లారీ రాదని నీకెవులు సెప్పినారు?"

ఆ మధ్యాహ్నమే రూలు మార్చాను.
తగ్గించే ముందు పది నిమిషాలు ఆగు.
పైవాళ్లు దాన్ని కూల్‌డౌన్ అన్నారు, మెచ్చుకున్నారు.
నా ఫైల్లో దాని పేరు దాలమ్మటీ.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

సెట్టింగుల్లో అట్టడుగున ఒక గడి ఉంది:
తగ్గించేటప్పుడు ముందు ఎవరిని తీసేయాలి?
ఎవరో నింపే ఉంచారు: పాతది ముందు.
సబబే. పాత మిషనులో పాత సాఫ్ట్‌వేరు, పేరుకున్న చెత్త.
పోతే పోయింది. దానికి పేరు లేదు,
పలకడానికి రాని పొడుగు నంబరొకటి.
ఇంటి దగ్గర దానికి పొయ్యి లేదు.

ఆషాఢం వచ్చింది.
నా తెర మీది గీత నేలకి ఆనుకుని పడుకుంది.
కింద, లారీ రాక మూడో రోజు.
గేటు దగ్గర ఇరవై ఆరు మంది, పని పన్నెండు మందికి.
అందరికంటే ముందు కూర్చున్నది కూర్మమ్మ,
జీడి సొనకి వేళ్ల మీది గీతలు కరిగిపోయి
ఆధార్ మిషను గుర్తుపట్టడం మానేసిన మనిషి.
గంటకి ఆమె ఎన్ని పిక్కలు కొడుతుందో
యజమాని కొడుకు మొన్ననే కాయితం మీద లెక్కేశాడు.
ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

దాలమ్మ నడుముకి చెక్కిన చిన్న పుస్తకం తీసింది.
నిన్న వెనక్కెళ్లిపోయినవాళ్లని ముందు పిలిచింది.
తొమ్మిదో పేరు కూర్మమ్మ.
మిగిలిన పద్నాలుగు మందితో
"రేపు మీరే ముందు" అంది, వాళ్ల మొహాలు చూడకుండా.
ఎవరూ వెంటనే లేవలేదు.
ఒకామె చెప్పులు వెతుక్కుంటోంది,
కాళ్లకే ఉన్నాయి.

నేను తెర వైపు తిరిగాను.
అప్పటికే పాతవి మూడు పోయాయి, చప్పుడు లేకుండా.
ఈ నెల బిల్లు సగానికి తగ్గింది.
ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక
కిటికీ మూసి, వంగి,
నేల మీద చెయ్యి పెట్టి చూశాను.

చల్లగా ఉంది.